అమెరికా మాజీ సైనికుల సంప్రదాయవాద రాజకీయ రచన: అనుభవ ప్రామాణ్యం – పరిమితులు

వ్యాససంగ్రహం:

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో సైనిక సేవ ముగించుకున్నవారు వర్తమాన రాజకీయాలపై వ్యాసాలు, గ్రంథాలు, బహిరంగ లేఖలు రాయడం చిరకాలంగా ఉన్నదే. వీరిలో సంప్రదాయవాద పక్షాన నిలిచి రాసేవారికి ప్రత్యేకమైన గుర్తింపు ఉంది. వారి మాటకు విలువ వాదబలం వల్ల మాత్రమే వచ్చినది కాదు. యుద్ధాన్ని చూసి వచ్చినవారన్న గౌరవం వల్ల కూడా వచ్చింది. ఈ గౌరవం ఎలా ఏర్పడింది, రాజకీయ చర్చలో అది ఏ పని చేస్తుంది, ఎక్కడ దాని హద్దు ముగుస్తుంది అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. న్యాయదర్శనంలోని ఆప్తవాక్య భావనను విశ్లేషణ సాధనంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: మాజీ సైనికులు, సంప్రదాయవాదం, ఆప్తవాక్యం, అనుభవ ప్రామాణ్యం, పౌర–సైనిక సంబంధాలు, అమెరికా రాజకీయాలు.

1. ఉపోద్ఘాతం:

ఒక విషయం గురించి మాట్లాడే అర్హత ఎవరికి ఉంది అన్న ప్రశ్న సాహిత్య విమర్శకు కొత్త కాదు. రాజకీయ రచనలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ముఖ్యంగా యుద్ధం, దేశభక్తి, త్యాగం వంటి అంశాల్లో, అక్కడికి వెళ్లి వచ్చినవాడి మాటకు ఎదురు చెప్పడానికి సామాన్య పాఠకుడు జంకుతాడు. ఆ జంకులో న్యాయమైన గౌరవం ఉంది. ప్రజాస్వామ్య చర్చకు అడ్డుపడే ప్రమాదమూ అందులోనే ఉంది.

2. పారిభాషిక పదాల వివరణ:

తెలుగు పత్రికల్లో ‘కన్జర్వేటివ్’ అనే పదానికి ‘సంప్రదాయవాది’ అన్న అనువాదం స్థిరపడింది. అయితే ఈ అనువాదం అమెరికా సందర్భంలో సగం అర్థాన్నే ఇస్తుంది. అక్కడి సంప్రదాయవాదంలో కనీసం మూడు పాయలు ఉన్నాయి. ప్రభుత్వ పరిధి, పన్నులు తగ్గాలనే ఆర్థిక దృక్పథం మొదటిది. కుటుంబం, మతం, స్థానిక సమాజం నిలవాలనే సామాజిక దృక్పథం రెండవది. దేశరక్షణకు బలమైన సైన్యం ఉండాలనే జాతీయ దృక్పథం మూడవది. 1955లో విలియం ఎఫ్. బక్లీ స్థాపించిన ‘నేషనల్ రివ్యూ’ పత్రిక ఈ మూడింటినీ ఒకే వేదికపైకి తేవడానికి ప్రయత్నించింది. ఈ పాయలు ఎప్పుడూ సామరస్యంగా లేవు. ‘ది కన్జర్వేటివ్ మైండ్’ (1953) రచయిత రస్సెల్ కిర్క్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసినవాడు. అయినా నిర్బంధ సైనిక సేవను ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. సైన్యంలో పనిచేసిన సంప్రదాయవాది యుద్ధాన్నీ సైనిక విస్తరణనూ సమర్థించి తీరుతాడన్న భావన సరికాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

‘మాజీ సైనికుడు’ అనే పదానికీ వివరణ అవసరం. ముందువరుసలో పోరాడినవాడు, యుద్ధకాలంలో స్వదేశంలోనే పనిచేసినవాడు, సైనిక న్యాయవాది, సైనిక వార్తాహరుడు అందరూ ఈ పదం కిందికే వస్తారు. వారి అనుభవాలు వేర్వేరు. రాజకీయ రంగంలో మాత్రం ఈ తేడాలు చెరిగిపోయి, ఒకే గౌరవం అందరికీ వర్తిస్తుంది.

3. చారిత్రక నేపథ్యం:

మాజీ సైనికులు సంఘటితమై రాజకీయ వాణిని వినిపించడం అమెరికా అంతర్యుద్ధం తర్వాత బలపడింది. 1866లో ఏర్పడిన ‘గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్’ ఉత్తరాది సైనికుల సంఘం. అది రిపబ్లికన్ పార్టీకి సన్నిహితంగా మెలిగింది. 1877లో వాషింగ్టన్ నగరంలో ప్రారంభమైన ‘నేషనల్ ట్రిబ్యూన్’ పత్రిక సైనికుల జ్ఞాపకాలను, పింఛన్ల డిమాండ్లను పక్కపక్కనే ప్రచురించింది. యుద్ధస్మృతి, రాజకీయ హక్కు ఒకే పుటలో కలిసిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919 మార్చిలో పారిస్ నగరంలో సమావేశమైన సైనికులు ‘అమెరికన్ లీజియన్’కు పునాది వేశారు. అదే ఏడాది సెప్టెంబరులో కాంగ్రెస్ దానికి అధికారిక గుర్తింపు ఇచ్చింది. నూటికి నూరుపాళ్లు అమెరికనిజం అనే ఆశయాన్ని ఆ సంస్థ తన నియమావళి పీఠికలోనే చేర్చుకుంది. కమ్యూనిజాన్ని వ్యతిరేకించడం, పాఠశాలల్లో దేశభక్తిని ప్రబోధించడం దాని కార్యక్రమాల్లో ప్రధానమయ్యాయి.

అయితే మాజీ సైనికుల చరిత్ర సంప్రదాయవాద చరిత్ర మాత్రమే కాదు. 1924 చట్టం ప్రకారం 1945లో అందవలసిన బోనస్‌ను ముందే చెల్లించాలని కోరుతూ 1932లో వేలాది మంది మాజీ సైనికులు కుటుంబాలతో వాషింగ్టన్‌లో గుడిసెలు వేసుకున్నారు. జూలై 28న జనరల్ డగ్లస్ మెకార్థర్ నాయకత్వంలో సైన్యమే వారిని తరిమివేసింది. ఆనాటి సైనికుడు నిన్నటి సైనికుణ్ణి వీధిలోకి నెట్టిన ఆ దృశ్యం ఒక పాఠం నేర్పింది. సైనికుణ్ణి పొగిడే సమాజం అతని డిమాండును కూడా ఆదరిస్తుందన్న హామీ ఏదీ లేదు.

4. 1973 తర్వాత పెరిగిన దూరం:

వియత్నాం యుద్ధం చివరి దశలో, 1973లో, నిర్బంధ సైనిక సేవ రద్దయింది. అంతవరకు రైతు కొడుకు, వకీలు కొడుకు, ఆచార్యుని కొడుకు ఒకే శిబిరంలో ఉండే అవకాశం ఉండేది. స్వచ్ఛంద సైన్యం వచ్చాక సైనిక సేవ కొన్ని కుటుంబాలకు, కొన్ని ప్రాంతాలకు పరిమితం కాసాగింది. ప్యూ పరిశోధన కేంద్రం చూపిన లెక్కల ప్రకారం 1980లో అమెరికా వయోజనుల్లో సుమారు 18 శాతం మంది మాజీ సైనికులు కాగా, 2022 నాటికి వారు సుమారు 6 శాతానికి తగ్గారు. 1970ల తొలినాళ్లలో కాంగ్రెస్ సభ్యుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి సైనిక అనుభవం ఉండేది. ఇప్పుడు ఆ వాటా ఐదో వంతుకు దిగువన ఉంది.

ఈ దూరం వల్ల రెండు ఫలితాలు కలిగాయి. ఇంటింటా ఒక సైనికుడున్న రోజుల్లో సైనికుని రాజకీయాభిప్రాయం పొరుగువాని అభిప్రాయంతో సమానం. దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, నవ్వి ఊరుకోవచ్చు. సైనికులు అరుదైపోయాక వారి అభిప్రాయానికి అరుదైన వస్తువుకుండే విలువ వచ్చింది. రెండవది, ప్రభుత్వ సంస్థలపై ప్రజావిశ్వాసాన్ని కొలిచే గాలప్ సర్వేల్లో సైన్యం అనేక సంవత్సరాలపాటు అగ్రస్థానంలోనో దానికి దగ్గరగానో నిలిచింది. ఇదే కాలంలో కాంగ్రెస్ అట్టడుగున ఉండిపోయింది. రాజకీయ నాయకుణ్ణి నమ్మని పాఠకుడు సైనికుణ్ణి నమ్ముతున్నాడు. కాబట్టి రాజకీయం మాట్లాడదలచినవానికి సైనిక సేవ ఒక పరిచయపత్రమైంది.

మొత్తంగా చూస్తే మాజీ సైనికులు రిపబ్లికన్ పక్షానికి మొగ్గుతారు. 2024 సెప్టెంబరులో ప్యూ కేంద్రం జరిపిన సర్వేలో, నమోదైన ఓటర్లయిన మాజీ సైనికుల్లో 61 శాతం మంది డోనాల్డ్ ట్రంప్‌ను, 37 శాతం మంది కమలా హారిస్‌ను సమర్థించారు. దీనికి సైనిక సేవ ఒక్కటే కారణమని నిర్ణయించడం తొందరపాటు. మాజీ సైనికుల్లో పురుషులు, వయసు పైబడినవారు, శ్వేతజాతీయులు అధికం. ఈ వర్గాలు సైన్యంతో సంబంధం లేకున్నా అదే దిశగా మొగ్గు చూపుతున్నాయి.

5. అనుభవ ప్రామాణ్యం – ఆప్తవాక్య భావన:

న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను అంగీకరిస్తుంది. ఆప్తుని ఉపదేశమే శబ్దప్రమాణం. ఆప్తుడెవరన్న ప్రశ్నకు వాత్స్యాయన భాష్యం ఇచ్చిన వివరణ ఇక్కడ ఉపకరిస్తుంది. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్లే తెలియజెప్పాలనే కోరికతో పలికేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనని కూడా భాష్యకారుడు స్పష్టం చేశాడు. అంటే ఆప్తత్వం హోదాకు సంబంధించినది కాదు. జ్ఞానానికి, చిత్తశుద్ధికి సంబంధించినది.

ఈ నిర్వచనంలో ఒక హద్దు దాగి ఉంది. ఆప్తుడు తాను ఎరిగిన విషయంలోనే ఆప్తుడు. బాగ్దాద్ వీధిలో గస్తీ తిరిగినవాడు ఆ వీధి గురించి ఆప్తుడు. ఇరాక్‌పై యుద్ధం ప్రకటించడం ఉచితమా కాదా అన్న ప్రశ్నకు అతడు చెప్పే సమాధానం అనుమాన ప్రమాణం కిందికి వస్తుంది. పన్నుల విధానం గురించి చెప్పేదైతే కేవలం పౌరాభిప్రాయమే. మాజీ సైనికుల రాజకీయ రచనలో ఈ మూడూ ఒకే స్వరంతో, ఒకే ధీమాతో వెలువడుతుంటాయి. విమర్శకుని పని వాటిని విడదీయడమే.

2006 జూన్‌లో జరిగిన ఒక సంఘటన ఇందుకు మంచి ఉదాహరణ. ఉగ్రవాదులకు అందే నిధులపై ప్రభుత్వం రహస్యంగా నిఘా ఉంచుతున్న కార్యక్రమాన్ని న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. అప్పుడు ఇరాక్‌లో లెఫ్టినెంట్‌గా ఉన్న టామ్ కాటన్ ఆ పత్రికకు ఘాటైన లేఖ రాశాడు. అది సంప్రదాయవాద వర్గాల్లో విస్తృతంగా ప్రచారం పొందింది. రోడ్డు పక్కన పేలే బాంబుల మధ్య తన సైనికులు తిరుగుతున్నారన్నది ఆ లేఖలోని ప్రత్యక్షాంశం. పత్రికలో వచ్చిన వార్త ఆ ప్రమాదాన్ని పెంచిందన్నది అనుమానం. పాత్రికేయులను విచారించి శిక్షించాలన్నది రాజ్యాంగ సంబంధమైన అభిప్రాయం. మొదటి అంశానికి లభించిన గౌరవమే మూడవ అంశాన్ని కూడా మోసింది. అదే కాటన్ సెనేటర్‌గా 2020 జూన్‌లో, దేశంలోని అల్లర్లను అణచడానికి సైన్యాన్ని దించాలంటూ అదే పత్రికలో వ్యాసం రాశాడు. దానిపై రేగిన వివాదంలో ఆ పత్రిక సంపాదకీయ పుటల అధిపతి రాజీనామా చేయవలసి వచ్చింది.

6. ఆప్తునికి ఎదురుగా ఆప్తుడు:

ఇద్దరు సైనికులు పరస్పర విరుద్ధంగా సాక్ష్యమిస్తే ఎవరిని నమ్మాలి? 2004 అధ్యక్ష ఎన్నికల్లో ఈ ప్రశ్న ప్రత్యక్షంగా ఎదురైంది. డెమొక్రాటిక్ అభ్యర్థి జాన్ కెర్రీ వియత్నాంలో నౌకాదళ గస్తీ పడవకు నాయకత్వం వహించి పతకాలు పొందినవాడు. తిరిగివచ్చాక 1971 ఏప్రిల్‌లో సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ ముందు యుద్ధానికి వ్యతిరేకంగా వాంగ్మూలం ఇచ్చాడు. అదే ఏడాది టెలివిజన్ చర్చలో ఆయనను ఎదుర్కొన్న మరో నౌకాదళ మాజీ అధికారి జాన్ ఓనీల్, 2004లో ‘అన్‌ఫిట్ ఫర్ కమాండ్’ అనే గ్రంథానికి సహరచయిత అయ్యాడు. ‘స్విఫ్ట్ బోట్ వెటరన్స్ ఫర్ ట్రూత్’ అనే బృందం, కెర్రీ తన వీరత్వాన్ని కల్పించుకున్నాడని ప్రకటనలు గుప్పించింది.

నౌకాదళ రికార్డులు కెర్రీ కథనాన్నే బలపరిచాయి. ఆయన పడవలో కలిసి పనిచేసినవారిలో దాదాపు అందరూ ఆయన పక్షాన నిలిచారు. వియత్నాంలో యుద్ధఖైదీగా ఏళ్లు గడిపిన రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ ఆ ప్రకటనను బహిరంగంగా ఖండించాడు. అయినా నష్టం జరిగిపోయింది. వ్యక్తి ప్రతిష్ఠను నిరాధారంగా దెబ్బతీయడాన్ని సూచించే క్రియాపదంగా ‘స్విఫ్ట్‌బోటింగ్’ ఆ భాషలో స్థిరపడింది.

ఈ వివాదానికి మూలం 1969 నాటి నదీజలాల్లో కన్నా 1971 నాటి వాంగ్మూలంలో ఉంది. తమ యుద్ధాన్ని నేరంగా చిత్రించాడన్న బాధ ఆ సైనికుల్లో మూడు దశాబ్దాలు రగిలింది. ఆ బాధ నిజమైనదే. కాని నిజమైన బాధ నుంచి పుట్టిన ప్రతి ఆరోపణా నిజం కానవసరం లేదు. ఎరిగినదాన్ని ఎరిగినట్లే చెప్పాలన్న ఆప్తలక్షణపు రెండవ భాగం ఇక్కడే పరీక్షకు నిలుస్తుంది.

7. సంప్రదాయవాదంలోనే భిన్నస్వరాలు:

మాజీ సైనికుల సంప్రదాయవాదాన్ని ఏకరూపంగా భావిస్తే ఈ రచనలోని అత్యంత విలువైన భాగం కంటికి ఆనదు. జేమ్స్ వెబ్ ఇందుకు తొలి సాక్షి. వియత్నాంలో మెరైన్ అధికారిగా నేవీ క్రాస్ పొందిన వెబ్ 1978లో ‘ఫీల్డ్స్ ఆఫ్ ఫైర్’ నవల రాశాడు. రీగన్ ప్రభుత్వంలో నౌకాదళ కార్యదర్శిగా పనిచేశాడు. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకం నల్లరాతి గోడ నమూనాను, అది సైనికుని గౌరవానికి తగదని విమర్శించినవారిలో ఆయన ఒకడు. ఆ విమర్శల ఫలితంగానే 1984లో ముగ్గురు సైనికుల విగ్రహం అక్కడ చేరింది. ఇంతటి సంప్రదాయవాది ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించి, 2006లో డెమొక్రాటిక్ అభ్యర్థిగా వర్జీనియా నుంచి సెనేట్‌కు ఎన్నికయ్యాడు.

ఆండ్రూ బాసెవిచ్ కథ మరింత బరువైనది. వెస్ట్ పాయింట్ పట్టభద్రుడు, వియత్నాంలో పనిచేసిన విశ్రాంత కల్నల్, తనను తాను కాథలిక్ సంప్రదాయవాదిగా చెప్పుకునే ఆచార్యుడు. 2005లో ‘ది న్యూ అమెరికన్ మిలిటరిజం’ రాసి, సైన్యంపై అమెరికన్లు పెంచుకున్న మోజే దేశాన్ని దారి తప్పిస్తోందని వాదించాడు. సంప్రదాయవాదానికి మితం, ముందుచూపు ప్రాణమైతే, లోకాన్ని ఆయుధబలంతో మార్చాలనే ఆశ దానికి విరుద్ధమన్నది ఆయన తర్కం. 2007 మే నెలలో ఆయన కుమారుడు ఇరాక్‌లో మరణించాడు. తండ్రి వ్యతిరేకించిన యుద్ధంలోనే కొడుకు ప్రాణం పోయింది. తండ్రి రాతలు శత్రువుకు ధైర్యమిచ్చాయని, కొడుకు మరణానికి ఆయనే బాధ్యుడని నిందిస్తూ తనకు లేఖలు వచ్చినట్లు బాసెవిచ్ వాషింగ్టన్ పోస్ట్‌లో రాశాడు. అనుభవమే అర్హత అనే వాదానికి కట్టుబడినవారు, ఆ అనుభవం తమకు నచ్చని మాట పలికినప్పుడు అర్హతను వెనక్కి తీసుకున్న తీరు ఇందులో కనిపిస్తుంది.

ఇరాక్‌లో సైనిక న్యాయవాదిగా పనిచేసిన డేవిడ్ ఫ్రెంచ్ నేషనల్ రివ్యూలో రాస్తూనే ట్రంప్‌ను విమర్శించి, స్వపక్షీయుల ఆగ్రహానికి గురయ్యాడు. మరోవైపు పీట్ హెగ్‌సెత్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా సంప్రదాయవాద పత్రికకు సారథ్యం వహించాడు. నేషనల్ గార్డ్ అధికారిగా ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో పనిచేశాడు. తర్వాత టెలివిజన్ వ్యాఖ్యాతగా పేరుపొంది, 2024లో ‘ది వార్ ఆన్ వారియర్స్’ ప్రచురించాడు. సైన్యంలో ప్రవేశించిన వైవిధ్య విధానాలు యోధుని స్వభావాన్ని దెబ్బతీస్తున్నాయన్నది అందులోని ప్రధాన వాదం. 2025 జనవరిలో ఆయన రక్షణమంత్రి అయ్యాడు. సెనేట్‌లో ఓట్లు సమానం కాగా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ఓటుతో ఆ నియామకం గట్టెక్కింది. మెరైన్ దళంలో సైనిక వార్తాహరునిగా ఇరాక్‌కు వెళ్లివచ్చిన వాన్స్ కూడా ‘హిల్‌బిల్లీ ఎలిజీ’ (2016) ద్వారా రచయితగానే ముందు ప్రసిద్ధుడు. ఆయన భార్య ఉషా చిలుకూరి కుటుంబ మూలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నందున 2024లో తెలుగు పత్రికలు వాన్స్‌పై ఆసక్తి చూపాయి. అయితే ఇరాక్ అనుభవం వాన్స్‌ను విదేశీ యుద్ధాలపై అనుమానం వైపు నడిపించిందన్న అంశం ఆ సందడిలో అంతగా చర్చకు రాలేదు.

సామాన్య మాజీ సైనికుల అభిప్రాయం కూడా ఆలోచింపజేసేదే. 2019లో ప్యూ కేంద్రం ప్రకటించిన సర్వేలో 64 శాతం మంది మాజీ సైనికులు ఇరాక్ యుద్ధానికి, 58 శాతం మంది అఫ్గానిస్తాన్ యుద్ధానికి చెల్లించిన మూల్యం తగినది కాదన్నారు. సాధారణ ప్రజల అభిప్రాయం దాదాపు ఇదే. సైనికుల పేరిట యుద్ధాన్ని సమర్థించిన రచన సైనికులందరి గొంతుక కాదని ఈ అంకెలు తెలియజేస్తున్నాయి.

8. సంక్షేమం – ఒక అంతర్వైరుధ్యం:

ప్రభుత్వ పరిధి తగ్గాలని కోరే సంప్రదాయవాద రచయిత, మాజీ సైనికుడైతే ఒక చిక్కు ఎదుర్కొంటాడు. అమెరికాలో ప్రభుత్వమే ఆసుపత్రులు నడిపి, వైద్యులకు జీతాలిచ్చే అతిపెద్ద ఏర్పాటు మాజీ సైనికుల వ్యవహారాల శాఖదే. 1944 నాటి జీఐ బిల్లు ద్వారా 1956 నాటికి దాదాపు 78 లక్షల మంది చదువో శిక్షణో పొందారు. దాన్ని రూపొందించడంలో సంప్రదాయవాద సంస్థగా పేరున్న అమెరికన్ లీజియన్ ముఖ్యపాత్ర వహించింది. అయితే దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు ఆ ఫలాలు సరిగా అందలేదు.

ఈ చిక్కుకు సమాధానంగా వినిపించే వాదం ఒకటే. సంక్షేమం దయ, సైనికుని ప్రయోజనాలు ఆర్జితం. 2014లో ఫీనిక్స్ నగరంలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో నిరీక్షణ జాబితాలను తారుమారు చేసిన వ్యవహారం బయటపడ్డాక ఈ చర్చ మలుపు తిరిగింది. హెగ్‌సెత్ నాయకత్వం వహించిన ‘కన్సర్న్డ్ వెటరన్స్ ఫర్ అమెరికా’ ప్రైవేటు వైద్యాన్ని ఎంచుకునే స్వేచ్ఛ కావాలంది. పాత సంఘాలు ప్రభుత్వ ఆసుపత్రులు బలహీనపడతాయని హెచ్చరించాయి. 2018 నాటి మిషన్ చట్టం ప్రైవేటు వైద్యానికి అవకాశాన్ని విస్తరించింది. ఈ సందర్భంలో మాజీ సైనికులు అసలైన ఆప్తులు. నిరీక్షణ జాబితాలో తమ పేరు చూసుకున్నవారు వారే. యుద్ధనీతిపై రాసిన పుటలకన్నా ఈ విషయంపై వారు రాసిన పుటలే ప్రమాణంగా నిలుస్తాయి.

9. చట్టం విధించిన హద్దులు:

సర్వీసులో ఉన్న సైనికుడు పార్టీ రాజకీయ కార్యకలాపాల్లో పాల్గొనరాదని అమెరికా రక్షణశాఖ నిబంధనలు శాసిస్తున్నాయి. అధ్యక్షుడు మొదలైనవారిని అవమానపరిచే మాటలు పలికిన కమిషన్డ్ అధికారిని సైనిక న్యాయసంహిత 88వ అధికరణం కింద శిక్షించవచ్చు. పదవీ విరమణ చేసి వేతనం పొందుతున్న రెగ్యులర్ అధికారులు కూడా సూత్రప్రాయంగా ఈ సంహిత పరిధిలోనే ఉంటారు. చట్టవిరుద్ధమైన ఆదేశాలను తిరస్కరించవచ్చని సైనికులకు గుర్తుచేసిన విశ్రాంత నౌకాదళ కెప్టెన్, సెనేటర్ మార్క్ కెల్లీపై రక్షణశాఖ 2025 నవంబరులో సమీక్ష ప్రకటించడంతో ఈ నిబంధన చర్చకు వచ్చింది. సంప్రదాయవాద మాజీ సైనికులకు స్వేచ్ఛ కావాలంటే, ప్రత్యర్థి పక్షపు మాజీ సైనికులకూ అదే స్వేచ్ఛ ఉండవలసిందే.

10. తెలుగు విమర్శకు గల అన్వయం:

తెలుగులో 1990ల నాటి స్త్రీవాద, దళిత సాహిత్య చర్చల్లో స్వానుభవం, సహానుభూతి మధ్య తేడా కీలకాంశమైంది. ‘నీలిమేఘాలు’ (1993), ‘చిక్కనవుతున్న పాట’ (1995) సంకలనాల కాలంలో అనుభవించినవారే రాయాలా అన్న ప్రశ్న తీవ్రంగా చర్చకు వచ్చింది. పైకి చూస్తే మాజీ సైనికుని వాదం కూడా ఇదే రీతిలో ఉంది. అయితే మౌలికమైన భేదం ఒకటుంది. దళిత, స్త్రీవాద రచయితలు అంతవరకు సాక్ష్యంగా గుర్తింపు పొందని అనుభవాన్ని సాక్ష్యంగా నిలిపారు. మాజీ సైనికుడు సమాజం ముందే తలవంచిన అనుభవంతో మాట్లాడతాడు. మొదటిది మూసిన తలుపు తెరవడం. రెండవది తెరిచి ఉన్న తలుపును ఒక్కొక్కసారి ఇతరులకు మూయడం. అనుభవ ప్రామాణ్యాన్ని పరిశీలించేటప్పుడు అనుభవంతోపాటు దాని వెనుక ఉన్న అధికారాన్ని కూడా లెక్కించాలని ఈ పోలిక సూచిస్తుంది.

11. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. అమెరికా మాజీ సైనికుల రాజకీయ రచనకు నేడున్న గౌరవం శాశ్వతమైనది కాదు. 1973 తర్వాత సైన్యానికీ సమాజానికీ పెరిగిన దూరం దాన్ని బలపరిచింది.

2. వారి రచనలో ప్రత్యక్షం, అనుమానం, అభిప్రాయం కలిసి ప్రవహిస్తాయి. వాటిని వేరుచేసి చదవడం సైనికుణ్ణి అగౌరవపరచడం కాదు. అతని సాక్ష్యాన్ని కాపాడడం.

3. సంప్రదాయవాద మాజీ సైనికులు ఒకే మాట మీద లేరు. వెబ్, బాసెవిచ్, ఫ్రెంచ్, హెగ్‌సెత్ ఒకే మూలం నుంచి బయలుదేరి వేర్వేరు గమ్యాలకు చేరారు. కాబట్టి అనుభవం దానంతటదే ఒక సిద్ధాంతాన్ని నిర్ణయించదు.

4. తమ పక్షాన పలికినప్పుడే సైనికుణ్ణి ఆప్తునిగా అంగీకరించే పాఠకుడు నిజానికి ఆప్తవాక్యాన్ని వినడం లేదు. తన మాటనే మరొకరి నోట వింటున్నాడు.

వాత్స్యాయనుడు ఆప్తునికి చెప్పిన లక్షణంలో వినేవాని ఇష్టానిష్టాలకు చోటు లేదు. బాసెవిచ్‌కు నింద లేఖలు రాసినవారు మరిచినది ఆ సంగతినే.